ఏమీ చేయకుండా ఉండటానికి బందరు వెళ్ళాము

సముద్రం ఎట్లా ఉంటుందని నన్ను అడగనివాళ్ళు ఇప్పుడు మాదన్నపేటలో లేరు. కూరగాయల బజారులో వంకాయలు తూచే ఆవిడ తక్కెడ గాలిలో ఆపి మరీ అడుగుతుంది. మంగలి నా గొంతు మీద కత్తి పెట్టి అడుగుతాడు. అప్పుడు మాత్రం జవాబు క్లుప్తంగా చెప్పవలసి వస్తుంది. చాలా పెద్దదంటే, హుసేన్‌సాగర్ కన్నానా అంటారు. అవునంటే నా వంక జాలిగా చూస్తారు. నీళ్ళు ఉప్పగా ఉంటాయంటే అంత ఉప్పు ఎవరు పోశారంటారు. చెప్పి చెప్పి గొంతు పోతోంది. అందుకే జరిగినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు వినిపిస్తే నాకు ఉపకారం చేసినవాళ్ళవుతారు.

మాదన్నపేట

వెళ్ళింది ముగ్గురం. మా బావ మల్లయ్య, మా అక్క నర్సమ్మ, నేను. నయాపూల్ దగ్గరి అదాలత్‌లో నేను నకళ్ళు రాసే గుమాస్తాను. పగలంతా ఊళ్ళోవాళ్ళ తగాదాలు ఉర్దూలో రాస్తాను, సాయంత్రం ఇంటికొచ్చి తెలుగు చదువుకుంటాను. బావది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టం నిండా బర్రెలు. కోడి కూయకముందే లేచి పాలు పిండి, బిందెలు కావడికెత్తుకుని పేటంతా తిరుగుతాడు. తిరిగి వచ్చి గడ్డి, కుడితి, పేడ. మళ్ళీ సాయంత్రం పాలు. ఆయన పాలలో నీళ్ళు కలుపుతాడని నేను అనను. పేటలో అందరూ అంటున్నారు కాబట్టి నేను వేరే అనవలసిన అవసరం లేదు.

ఈ ఏడు ఉగాది పోయిన తరువాత ఒక ఉదయం బావ కావడి దించి, గుండె పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె బాగా అలసిందన్నాడు. మందుల కంటే విశ్రాంతి ముఖ్యమన్నాడు. ఎక్కడికైనా సముద్రపు ఒడ్డుకు పోయి కొన్నాళ్ళు ఊరికే కూర్చోమన్నాడు.

"కూసోని ఏం జెయ్యాలె?" అని అడిగాడు బావ.

"ఏమీ చేయొద్దు."

"అది సమజైంది సాబ్. కూసోని ఏం జెయ్యాలె అంటున్న."

డాక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఏమీ చేయకుండా ఉండేందుకు ఏర్పాట్లు మొదలయ్యాయి. ఇంత పని బావ తన పెళ్ళికి కూడా చేసి ఉండడు. పాలు పోసే వీధులను వరసగా గుర్తు పెట్టుకున్నట్టే ఆయన విశ్రాంతిని కూడా వరస పెట్టుకున్నాడు. పొద్దున లేచి సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చోవడం. ఎండ ఎక్కితే లోపల కూర్చోవడం. తిని పడుకోవడం. పొద్దు వాలాక మళ్ళీ బయట కూర్చోవడం. ఈ వరస ఆయన నాకు చాలాసార్లు అప్పజెప్పాడు, ఎక్కడా తప్పు పోకుండా.

నాకు చదువు వచ్చు కాబట్టి నేను తోడు. వండి పెట్టడానికి అక్క. అక్కకు కూడా విశ్రాంతి కావాలని డాక్టరు అనలేదు. ఆమెను డాక్టరు చూడలేదు.

బర్రెలను ఖాజా భాయ్‌కి అప్పజెప్పాము. ఆయనకు మా గల్లీ చివర చాయ్ హోటల్ ఉంది. బావ పాలలో సగం ఆయన డేగిశాలోకే పోతాయి. బావ ఒక్కొక్క బర్రె స్వభావం వివరించబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"మల్లన్నా, తుమ్ జాకే ఆరామ్ కరో. భైంసోఁ కా ఫికర్ నక్కో. బర్లను, పాలను నేను సూసుకుంట. ఈ నాల్గు దినాలు చిక్కటి చాయ్ అమ్ముకుంట."

బావ ఆ మాటకు నవ్వలేదు. రైలెక్కేదాకా దాని గురించే ఆలోచించాడు.

సరిహద్దు

మూటల్లో జొన్నపిండి, కారం, మామిడికాయ తొక్కు, ఒక డబ్బా నెయ్యి ఉన్నాయి. అక్క రోలు కూడా తెస్తానంది. చాలా వాదన జరిగాక రోకలిబండతో సరిపెట్టుకుంది. సముద్రం దగ్గర రాళ్ళుంటాయి, దేనిలోనో ఒకదానిలో దంచుకోవచ్చని ఆమె లెక్క.

మా రాజ్యం దాటేచోట సుంకం జవాన్లు రైలు పెట్టెలోకి ఎక్కి మూటలు విప్పించారు. నెయ్యి డబ్బా దగ్గర ఆగి, అమ్మకానికా అని అడిగారు.

"తినేతందుకు," అన్నాడు బావ.

"ఇంత నెయ్యా?"

"గాడ బర్లు ఉన్నయో లేవో తెల్వదు గద సాబ్."

జవాను వేలితో కాస్త తీసి వాసన చూశాడు, నాలుకకు రాసుకున్నాడు. మంచి సరుకన్నాడు. బావ ముఖం వెలిగింది. ఆ వెలుగులో జవానుకు ఒక లోటా నెయ్యి పోసి ఇచ్చాడు. జవాను వద్దన్నాడు. బావ వినలేదు. సుంకం కట్టి ఉంటే అంతకంటే తక్కువే అయ్యేది.

మాకు ఎదురుగా బెజవాడకు చెందిన పొగాకు వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. మర్యాదస్థుడు. మేం మాట్లాడుకుంటుంటే చాలాసేపు విని, చివరకు నన్ను, "మీరు మాట్లాడేది ఏ భాషండీ?" అని అడిగాడు. తెలుగే అన్నాను. ఆయన నొచ్చుకుని, "అవునవును, మధ్య మధ్య తెలుస్తూనే ఉంది," అన్నాడు. తెలుగు కోసం రాత్రులు దీపం ముందు కళ్ళు పోగొట్టుకున్న నాకు ఆ ఓదార్పు చాలాకాలం గుర్తుంటుంది.

బెజవాడ

కృష్ణ దాటుతామనుకున్నాను. బెజవాడ ఇవతలి ఒడ్డునే ఉందట, వంతెన ఎక్కకుండానే దిగిపోయాము. అక్క మాత్రం స్నానం చేయకుండా కదలనంది. నదిలో మునిగి లేచి, "మూసీకి గిది పెద్దమ్మ అయితది," అంది. ఊరు చూసి ఆమె అన్నది అదొక్కటే.

హోటల్లో కూర్చోగానే కుర్రవాడు వచ్చి, "ఏం కావాలండీ?" అన్నాడు. బావ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరో అధికారి వచ్చాడనుకుని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. అది తననే అన్నాడని తెలిశాక చొక్కా సర్దుకున్నాడు. మా దగ్గర మర్యాద మనిషిని బట్టి ఉంటుంది. అక్కడ అది మాట చివర ఊరికే అతుక్కుని వస్తుంది. ఎద్దును అదిలిస్తూ కూడా 'అండీ' అన్నవాణ్ణి నేను బందరులో చూశాను.

బావ చాయ్ అడిగాడు. లేదట, కాఫీ ఉందట. ఇత్తడి గ్లాసులో నల్లగా, పైన నురుగుతో వచ్చింది. ఒక గుక్క తాగి నా చెవిలో, "మాడిపోయింది. పాపం, పోరడు సూసుకోలే. ఏమనకు," అన్నాడు. ఏమీ అనకుండా తాగాము. రెండో రోజుకు నాకు అది అలవాటైంది. ఇప్పుడు ఖాజా భాయ్ చాయ్ తాగుతుంటే ఏదో తక్కువైనట్టుంటుంది. ఈ మాట ఆయనకు ఎవరూ చెప్పవద్దు.

ఇంకో సంగతి. మా రూపాయి అక్కడ చెల్లదు. హోటలాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, తన పిల్లవాడికి చూపించి, అందంగా ఉందని తిరిగి ఇచ్చాడు. ముందే కొంత మార్పించుకుని ఉన్నాము కాబట్టి సరిపోయింది.

బందరు

బందరులో దిగి, సత్రంలో మూటలు పెట్టి, సముద్రం చూడటానికి ముగ్గురం శుభ్రంగా తల దువ్వుకుని బయలుదేరాము. వీధులు చూశాము. బజారు చూశాము. గుళ్ళు చూశాము. సముద్రం కనబడలేదు. సత్రం చూసుకునే పెద్దాయనను అడిగాను.

"సముద్రం ఎక్కడుందండీ?" నేను కూడా అప్పటికి 'అండీ' నేర్చాను.

"ఉందండీ."

"ఎక్కడండీ?"

"ఉందండీ. కాస్త దూరంగా ఉంది."

కాస్త దూరం అంటే బండి కట్టించుకుని రేవుకు పోవాలి. పోయాము. అక్కడ ఒక కాలువ, ఒకవైపు ఒరిగిన పడవలు, కనుచూపు మేర బురద ఉన్నాయి. బురద అవతల ఒక సన్నని గీత మెరుస్తోంది. బండివాడు ఆ గీతను వేలితో చూపించి, అదే సముద్రమన్నాడు.

బావ చాలాసేపు చూశాడు. "డాక్టర్ గీ బురద మొకాన కూసొమ్మన్నడా?" అన్నాడు.

అక్క చెప్పు ఒకటి బురదలో దిగబడి ఊడిపోయింది. బండివాడూ నేనూ మోచేతుల దాకా పెట్టి వెతికినా దొరకలేదు. సత్రానికి వచ్చి, దుఃఖం తీరేటట్టు బెల్లంతో చేసిన బందరు లడ్డూలు కొనుక్కుని తిన్నాము. మెత్తగా, నోట్లో వేస్తే దిగిపోయేలా ఉన్నాయి. అక్క నాలుగోది తింటూ, "మొఖం కడుక్కొని ఇంటికి పోదమా మరి?" అంది. బావ ఒప్పుకోలేదు. విశ్రాంతికి అన్ని ఏర్పాట్లూ చేసుకుని వచ్చి, అది తీసుకోకుండా పోతే నష్టమన్నాడు.

మర్నాడు ఆ బండివాడే దారి చూపించాడు. మంగినపూడి దగ్గర అసలైన ఒడ్డు ఉందట. అక్కడ చేపలు పట్టే వెంకన్న, అతని భార్య నాంచారమ్మ ఉన్నారు. వాళ్ళ ఇంటి పక్కనే ఖాళీ పాక ఉంది, అడిగితే ఇస్తారన్నాడు.

మంగినపూడి

తాటిచెట్లు దాటి ఇసుక గట్టు ఎక్కగానే సముద్రం ఉంది. ఈసారి అడగవలసిన పని లేకపోయింది.

దాన్ని వర్ణించమని మా పేటవాళ్ళు పట్టుబడుతున్నారు. నాకు చేతకాదు. మేం ముగ్గురం మూటలు దించడం మరచిపోయి నిలబడ్డామని మాత్రం చెప్పగలను. బావ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. కాసేపటికి అక్క నాంచారమ్మను అడిగింది.

"గీ లొల్లి రాత్రి గూడ ఆగదా?"

"ఆగదమ్మా. ఆగితే మాకు మెలకువొచ్చుద్ది," అంది నాంచారమ్మ.

పాక బాగుంది. తాటాకు కప్పు, ముందు చిన్న పంచ. నేల కూడా నాంచారమ్మే అలికి పెట్టింది. బావ వెంటనే తన వరస ప్రకారం సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నేను లోపలికి పోయి మూటలు విప్పి వచ్చేసరికి లేచి నిలబడి ఉన్నాడు.

"ఏమైంది బావా?"

"కూసున్న గద. అయిపోయింది."

తరువాతి రోజులు అట్లాగే గడిచాయి. చీకటితోనే మెలకువ వచ్చేది ఆయనకు. లేచి బిందెల కోసం చేయి చాచేవాడు. అక్కడ బిందెలు లేవు. బయటికి పోయి ఒడ్డు వెంట ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచేవాడు. దారిలో కనబడిన వాళ్ళందరినీ పలకరించేవాడు. గాలి ఎటు వీస్తుంది, చేప ఎప్పుడు పడుతుంది, ఈ తాటాకు ఎన్నేళ్ళు ఆగుతుంది అని అడిగేవాడు. ఎండెక్కే వేళకు చెమటతో తిరిగి వచ్చి, "మస్తు ఆరామైంది," అనేవాడు.

ఇక పాల సంగతి. ఆ పల్లెకు పక్క ఊరి నుంచి ఒకతను పాలు తెచ్చేవాడు. మొదటి రోజు బావ చెంబు అందుకుని, వేలు ముంచి తీసి, చుక్క ఎట్లా జారుతుందో చూశాడు. ఆ చూపులో పగ లేదు, సాటి పనివాణ్ణి గుర్తు పట్టిన ఆప్యాయతే ఉంది. తరువాత నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పగున్నయ్."

"ఇక్కడి నుయ్యి నీళ్ళు అంతేనండీ," అన్నాడు పాలవాడు. అని నాలుక కరుచుకున్నాడు.

బావ అతన్ని పక్కకు తీసుకుపోయి మెల్లగా చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. మర్నాటి నుంచి పాలు ఉప్పగా లేవు. చిక్కగా కూడా లేవు.

అక్క రొట్టెలు చేస్తుంటే చూడటానికి పల్లె ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. జొన్నపిండి ముద్దను చేతుల మధ్య చరుస్తుంటే అది గుండ్రంగా పెరగడం వాళ్ళకు గారడీ. మూడు పూటలా అన్నమే తింటారు వాళ్ళు. రొట్టె ఒకటి తీసుకుని నాంచారమ్మ చేపల పులుసు ఇచ్చేది. ఆ పులుసు సంగతి రాయాలంటే వేరే కాగితం కావాలి. నేను చింతపండును మా అక్క చేతిలో తప్ప నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

అక్కకు ఆశ్చర్యం కలిగించింది పులుసు కాదు. సాయంత్రం వెంకన్న వచ్చి కల్లుకు డబ్బులివ్వమని పెళ్ళాన్ని అడగడం. నాంచారమ్మే చేపలు గంపలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతుంది. డబ్బు ఆమె నడుముకు కట్టుకున్న సంచిలో ఉంటుంది. వెంకన్న అడుగుతాడు, ఆమె ఆలోచిస్తుంది. అక్క ఆ తతంగం రోజూ రొట్టె ఆపి చూసేది. బావ కూడా చూశాడు. ఆయన దాని గురించి ఏ అభిప్రాయమూ చెప్పలేదు.

వల

ఒడ్డున పెద్ద వల లాగడం ఉంటుంది. పడవలో పోయి వలను సముద్రంలో దూరంగా గుండ్రంగా దింపి వస్తారు. దాని రెండు చివరల మోకులను ఇసుక మీద రెండు జట్లుగా నిలబడి లాగుతారు. అది చాలాసేపు పడుతుంది. ఒకడు పదం ఎత్తుకుంటే తక్కినవాళ్ళు హైలెస్సా అంటూ వెనక్కి వెనక్కి నడుస్తారు.

మేం వచ్చిన రెండో వారంలో ఒక ఉదయం బావ ఆ మోకు పట్టుకున్నాడు. నేను గట్టు మీద ఉన్నాను. వద్దని అరిచాను, గాలికి వినబడలేదు. వినబడినా ఆగేవాడు కాదు. చాలా రోజుల తరువాత ఆయన ముఖంలో నెమ్మది కనిపించింది. మోకు బిగిసింది, మడమలు ఇసుకలో దిగాయి, తక్కినవాళ్ళతో గొంతు కలిపాడు. ఆ మనిషికి విశ్రాంతి అంటే ఇదేనేమోనని నేను అనుకున్నాను కూడా.

వల ఒడ్డుకు దగ్గరైంది. లోపల చేపలు తెల్లగా ఎగురుతున్నాయి. అందరూ ఒక్కసారిగా కేక పెట్టారు. బావ కేక పెట్టలేదు. మోకు వదిలి, మోకాళ్ళ మీద కూర్చుని, తరువాత పక్కకు వాలాడు.

పాక నుంచి అక్క పరుగెత్తుకుని వచ్చింది. ఆమె పరుగెత్తడం నేను చిన్నప్పుడు ఎప్పుడో చూశాను. చేతులకు పిండి ఉంది. ఆయన తల ఒళ్ళోకి తీసుకుని, ఏడవకుండా, అరవకుండా, పిండి చేతులతో ఆయన గుండె రుద్దుతూ ఒకే మాట అంటోంది.

"పోకు. పోకు. పోకు."

వెంకన్నా మరో నలుగురూ వల అట్లాగే వదిలేశారు. సగం చేప తిరిగి సముద్రంలోకి పోయింది. పడవ తెరచాప మీద బావను పడుకోబెట్టి పాకకు మోసుకువచ్చారు. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, "వల ఒచ్చిందా?" అన్నాడు. పోయిన చేప గురించి ఆ పల్లెలో ఎవరూ ఆనాడూ అనలేదు, ఆ తరువాతా అనలేదు. నేనే వెంకన్న దగ్గర ఆ మాట ఎత్తితే, "చేపెక్కడికి పోద్దయ్యా, అందులోనే ఉంటది," అన్నాడు.

నేను బండి మీద బందరు పోయి డాక్టరును తీసుకొచ్చాను. ఆయన గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె బాగా అలసిందన్నాడు. కదలకూడదన్నాడు. నిజంగా కదలకూడదన్నాడు. హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చి అదే మాట రెండోసారి కొనుక్కున్నాము.

పంచలో

అక్క పంచ అంచున కూర్చుంది. బావ పంచలో నులక మంచం మీద, ఆమె బయటికి పోయే దారిలో. ఆయన లేవాలంటే ఆమెను దాటి పోవాలి. అది జరిగే పని కాదు.

వంట ఎవరు చేయాలన్న ప్రశ్న వచ్చింది. అక్క లేవబోతే నాంచారమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"నువ్వు కూకో తల్లీ. రెండు పొయ్యిలెందుకు, ఒక పొయ్యి చాలు. ఆయన్ని చూసుకో."

మా అక్క ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. మొదటి రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు ముడి వేస్తూ, విప్పుతూ ఉంది. రెండో రోజు ముడి వేయడం మానింది. మూడో రోజు స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుంది.

ఒక మధ్యాహ్నం నేను లోపల పడుకుని ఉన్నాను. ఎండ తెల్లగా ఉంది, పల్లె అంతా పడుకుంది. వాళ్ళిద్దరూ నేను నిద్రపోయాననుకున్నారు.

"నర్సమ్మా," అన్నాడు బావ. "కూసుంటె పోరడు యాదికొస్తుండు."

ఎవరి సంగతో చెప్పాలి. వాళ్ళకు ఒక్కడే కొడుకు, యాదగిరి. నాలుగేళ్ళవాడు జ్వరం వచ్చి పోయాడు. పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఉదయం బావ పాలు పోయడానికి వీధుల్లో ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి అయిపోయింది. ఆ తరువాత వాడి పేరు ఆ ఇంట్లో నేను వినలేదు. బావ బర్రెలు పెంచుకుంటూ పోయాడు. ఆయన కష్టజీవి అని అందరం మెచ్చుకున్నాము.

అలలు రెండు మూడు వచ్చి పోయాయి.

"నాకు పని జేస్తున్నా యాదికొస్తడు," అంది అక్క.

"నువ్వెన్నడు జెప్పలే."

"నువ్వు కూసున్నదెన్నడు, జెప్పెతందుకు."

నులక మంచం కిర్రుమంది. తరువాత బావ గొంతు మారి వచ్చింది.

"ఆ దినం పాలు పొయ్యనీకి పోకుంటె ఏమైతుండెనో."

"ఏం గాకపోతుండె. పోరడు నా ఒళ్లె ఉండె. నువ్వుంటె నీ ఒళ్లె ఉంటుండె. గంతే."

"గంతేనా?"

"గంతే."

ఆయన ఏడ్చాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. కొంతసేపటికి అక్క ఏదో చెబుతోంది, వాడు బర్రె తోక పట్టుకుని కొట్టమంతా తిరిగిన సంగతి. బావ సరిదిద్దాడు, ఆ బర్రె కాదు, ఇంకోటి. కాదు, అదే, అంది అక్క. కొమ్ము వంకర బర్రె. ఇద్దరూ ఆ బర్రె గురించి వాదించుకున్నారు. అట్లా వాదించుకుంటూ ఒకచోట అక్క నవ్వింది. నేను ఆకలేసినా, దాహమేసినా పొద్దు వాలేదాకా లేవలేదు. ఆ యాత్రలో నేను చేసిన కష్టమైన పని అదొక్కటే.

మర్నాటి నుంచి వాళ్ళకు నాతో పని లేకపోయింది. పొద్దున మెలకువ వచ్చినా బావ వెంటనే లేచేవాడు కాదు. లేచాక అక్క చేయి పట్టుకుని ఇసుక దాకా నడిచేవాడు. మా పేటలో భర్త ముందు నడుస్తాడు, భార్య వెనక పది అడుగుల దూరంలో వస్తుంది. ఆ ఇద్దరూ అట్లా పక్కపక్కన పోతుంటే ఎటు చూడాలో తెలియక నేను తాటిచెట్లు చూసేవాణ్ణి. మంగినపూడి తాటిచెట్ల గురించి ఎవరికైనా ఏమైనా తెలుసుకోవాలని ఉంటే నన్ను అడగవచ్చు.

తిరుగు బండి

నా సెలవు అయిపోయింది. బావ తన వరసలో పెట్టుకున్న రోజులు కూడా అయిపోయాయి. నేను మూటలు కట్టడం మొదలుపెడితే బావ ఒడ్డున కూర్చుని చూశాడు.

"మా మూటలు కట్టకు," అన్నాడు.

"ఎందుకు?"

"నువ్వు పో. మేం ఉంటం ఇంకొన్ని దినాలు."

"ఎన్ని?"

"ఏమో."

వీధివీధికీ ఎన్ని శేర్ల పాలు పోయాలో నిద్రలో కూడా చెప్పగల మనిషి ఏమో అన్నాడు. నాకు నమ్మకం కుదరక ఇంకో ప్రశ్న వేశాను.

"బర్రెలు మరి?"

"ఖాజా భాయ్ ఉన్నడు గద. నాలుగైదు అమ్మిపియ్యమని జెప్పు. గన్ని ఎందుకు?"

అక్క వైపు చూశాను. ఆమె నీళ్ళ వైపు చూస్తోంది. ఒక చెప్పు బందరు బురదలో పోయింది, రెండోదాన్ని ఆమె ఎప్పుడో విసిరేసింది. కాళ్ళు ఇసుకలో పెట్టి కూర్చుంది.

"దారికి రొట్టెలు చెయ్యలే తమ్మీ," అంది. "బందర్ల ఏమన్న దొరుకుతది, తిను."

నా ముప్పై ఏళ్ళ జీవితంలో మా అక్క నన్ను ఏమీ కట్టివ్వకుండా ఎక్కడికీ పంపలేదు. నాంచారమ్మ నా అవస్థ చూసి, ఎండు చేపలు ఆకులో చుట్టి ఇచ్చింది. రైల్లో అవి నాకు చోటు బాగా సంపాదించి పెట్టాయి. నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

బండి సిద్ధమైంది. మా వైపు ఆచారం అందరికీ తెలుసు. ఇంటి మనిషి ఊరికి పోతుంటే పెద్దవాళ్ళు బండి దాకా వచ్చి, మూట అందించి, మలుపు తిరిగేదాకా నిలబడాలి. బావ ఆ విషయంలో చాలా ఖచ్చితం. పేటలో ఎవరు ఊరికి పోయినా పాల బిందెలు దించి మరీ సాగనంపుతాడు. నేను బండి ఎక్కి, వాళ్ళు వస్తారని చూస్తూ కూర్చున్నాను. బండివాడు కూడా ఆగాడు.

బావ ఇసుకలో వెనక్కి ఆనుకుని, చేయి ఒకటి కాస్త పైకెత్తాడు. "పదిలం," అన్నాడు. అంతే. ఎత్తిన చేయి దించి మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు. అక్క ఆయనకు ఏదో చెబుతోంది, అది ఆపి నా వైపు ఒకసారి తల ఊపి, మళ్ళీ చెప్పసాగింది.

తాటితోపు మలుపు దాకా నేను వెనక్కి తిరిగే కూర్చున్నాను. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.